ఖాళీ నెల

నారు తట్టలకి నీళ్ళు చిలకరిస్తోంది చిన్నకోడలు. నీళ్ళ డబ్బా మూతికున్న జల్లెడ సగం పూడిపోయి ధార ఒక పక్కకే పడుతోంది. రెండో తట్ట దగ్గర ఆగి, కింద పడి ఉన్న గులాబీ ముల్లు తీసుకుని ఒక్కో చిల్లూ పొడిచింది. మళ్ళీ డబ్బా ఎత్తేసరికి నీళ్ళు సన్నటి జల్లులా పడ్డాయి. మొలకలు తలలు వంచి, ఒక క్షణం ఆలోచించుకున్నట్టు ఆగి, మళ్ళీ లేచాయి.

షెడ్డులో అత్తగారు స్టూలెక్కి పాత దారాలు విప్పుతోంది. గోడకి వరసగా పన్నెండు మేకులున్నాయి. జనవరితో మొదలుపెట్టి నెలకొకటి. ఒక్కో మేకుకి ఒక్కో గుడ్డసంచి. ఆ నెలలో వెయ్యాల్సిన విత్తనాలు, మొక్కలు కట్టే పురికొస, పాదుల్లో గుచ్చే పేరు రేకులు అన్నీ ఆ సంచిలోనే. సంచి పైన, మేకు మెడకి రంగుదారాలు. ఇంట్లో పనిచేసేది ఐదుగురు. ఐదు రంగులు. ఏ మేకుకి ఎవరి దారం ఉంటే ఆ నెల పనిలో వాళ్ళున్నట్టు. దారం లేకపోతే ఆ నెల వాళ్ళకి ఖాళీ. మొక్కలమ్ముకుని బతికేవాళ్ళకి ఆదివారాలుండవు కాబట్టి, ఏడాదికి మనిషికొక ఖాళీ నెల అనే పద్ధతి ఈ ఇంట్లో ఎప్పటినుంచో ఉంది. ఆ నెలంతా ఆ మనిషిని ఎవరూ తోటలోకి పిలవరు. మొక్క ఎండిపోతున్నా పిలవరు.

“ఇదేం ముడే అమ్మాయ్, గోళ్ళు ఊడొచ్చేలా ఉన్నాయి,” అంది అత్తగారు ఆగస్టు మేకు దగ్గర. ఆమె వేళ్ళ మధ్య ఎర్రదారం. చిన్నకోడలిది.

“అది నేను వేసిన ముడి కాదు అత్తయ్యా.”

తను వేసేది జారుముడి. కొస పట్టుకుని లాగితే వచ్చేస్తుంది. ఇది బావగారి ముడి. పక్కకి ఒరిగిన మొక్కకి ఊతకర్ర కట్టినట్టు నాలుగు చుట్లు చుట్టి బిగించాడు. ఈ ఏడాది ఆగస్టు ఆమెకి ఖాళీ కావాల్సింది. వానలకి నత్తలు పడ్డాయనీ, మనుషులు చాలడం లేదనీ నెల మొదట్లోనే ఆయన వచ్చి ఎర్రదారం కట్టేశాడు. కిందటేడు ఖాళీ నెలకి ముడి వేసింది తోటికోడలు. అంతకుముందు వేసింది ఎవరో గుర్తులేదు. భర్తేనేమో.

అత్తగారు పళ్ళతో కొరికి ముడి వదులు చేసి, దారం సాపు చేసి, వేలికి చుట్టింది. ఈ ఇంట్లో దారం తెంపరు. విప్పి, ఉతికి, మళ్ళీ వాడతారు.

మధ్యాహ్నం కొట్టు తలుపులు దగ్గరగా వేసి అందరూ షెడ్డులో చేరారు. బావగారు ఎరువు బస్తా మీద కూర్చున్నాడు. తోటికోడలు టీ గ్లాసులు అందించి, గల్లా పెట్టె తాళాలు బొడ్లో దోపుకుని గుమ్మానికి ఆనుకుంది. కొనడానికి ఎవరైనా వస్తే తనే పోవాలి. చిన్నకోడలు, ఆమె భర్త తిరగేసిన కుండీల మీద కూర్చున్నారు.

“ఫిబ్రవరి,” అంది అత్తగారు సంచిలో చెయ్యిపెట్టి.

“టమాటా, మిరప,” అన్నాడు చిన్నకొడుకు. “వంగనారు తగ్గిద్దాం. ఈ ఏడు సగం మిగిలిపోయింది.”

“తగ్గించి చూడు, ఊరంతా వంగనారే అడుగుతుంది,” అంది తోటికోడలు. “మన దగ్గర ఏది లేదో జనాలకి ముందే కల వస్తుంది.”

“మార్చిలో నీడ వలలు కుట్టించాలి. ఏప్రిల్లో కట్టాలి,” అన్నాడు బావగారు. “జూన్‌లో కాలవలు తీస్తే సరిపోదు, ఈసారి మేలోనే తీసెయ్యండి.”

“తీసెయ్యండి అంటాడు చూడు. మేలో తను ఉండడుగా,” అంది ఆయన భార్య. అందరూ నవ్వారు. బావగారు కూడా నవ్వాడు.

ఒక్కో నెలకీ సంచి దిగింది, నిండింది, మళ్ళీ మేకుకెక్కింది. జులైలో కొమ్మలు నాటడం, సెప్టెంబరులో పూలనారు, అక్టోబరులో ఎరువు గుంట తిరగెయ్యడం, నవంబరులో అమ్మకాలు. అన్నీ అయ్యాక ఖాళీ నెలల వంతు వచ్చింది.

“నాకు మే,” అన్నాడు బావగారు. ఎందుకని ఎవరూ అడగలేదు. మేలో ఆయన మంచం వరండాలోకి లాగించుకుని, పక్కనున్న కూజా ఖాళీ అయినప్పుడు మాత్రమే కళ్ళు తెరుస్తాడు.

“నాకు సెప్టెంబరు,” అంది తోటికోడలు. ఎందుకని అడగలేదు.

“నాకు నవంబరు తప్ప ఏదైనా సరే,” అన్నాడు చిన్నకొడుకు. జులై ఇచ్చారు.

“నాకెందుకు. నేనొక్కరోజు లేకపోతే మీరు సంచులు తారుమారు చేస్తారు,” అంది అత్తగారు. ప్రతి ఏడూ ఆమె అదే మాట అంటుంది. ఆ మాటకి బదులు చెప్పే అలవాటు ఎవరికీ లేదు. ఆమె తెల్లదారం పన్నెండు మేకులకీ ఎక్కింది.

“నీకేదమ్మా?”

“జనవరి,” అంది చిన్నకోడలు.

బావగారి చేతిలో గ్లాసు నోటి దాకా వెళ్ళి ఆగింది. జనవరి అంటే గులాబీల కత్తిరింపు. వెనక మళ్ళన్నీ, వాటితోపాటు షెడ్డు చుట్టూ ఉన్న పాత కుండీలన్నీ. నెల తిరిగేసరికి ముంజేతుల మీద పిల్లి రక్కినట్టు గీతలు మిగిలే పని. ఆ పని బావగారికి రాక కాదు. ఆమెకి నేర్పింది ఆయనే. నేర్పాక మళ్ళీ కత్తెర పట్టుకోలేదు, అంతే.

“జనవరంటే ఎల్లుండి పోయి ఆవలి రోజే కదమ్మా,” అన్నాడాయన.

“అవును బావగారూ.”

“ఏదైనా పని పడిందా?”

“పనేం లేదు.”

“మరి పని లేకుండా ఖాళీ ఎందుకు?”

“పనుంటే అది ఖాళీ ఎలా అవుతుంది బావగారూ?”

తోటికోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో దగ్గో తెలియలేదు. “మూగనోము పట్టిన మనిషి నోరిప్పితే ఇలాగే ఉంటుంది కాబోలు,” అంది.

చిన్నకోడలు తలెత్తలేదు. ఆమె లెక్క ఆమెకుంది. మధ్యలో ఏ నెల అడిగినా దాని ముందు కొన్ని నెలలుంటాయి. ఈలోపు ఎవరికో జ్వరం వస్తుంది, ఏదో పురుగు పడుతుంది, ఎవరో ఎక్కువ కుండీలు ఆర్డరిస్తారు. ఖాళీ నెల వచ్చేసరికి అది ఖాళీగా ఉండదు. జనవరికి ముందు ఏ నెలా లేదు.

“పోనీ ఫిబ్రవరి పెట్టుకో,” అన్నాడు బావగారు. “కత్తిరింపు అయిపోతుంది, నీకూ హాయిగా ఉంటుంది.”

“జనవరి కావాలి.”

“అదే, ఎందుకని?”

భర్త కుండీ మీద అటూ ఇటూ కదిలాడు. అత్తగారు ఎర్రదారం ఉండ చేతిలో పట్టుకుని కాసేపు చూసి, స్టూలు మీద పెట్టింది.

“ఇంకా టైముంది కదా. చూద్దాం,” అంది.

*

“నువ్వు అడగడం తప్పు కాదు,” అన్నాడు భర్త ఆ సాయంత్రం. “అడిగిన తీరు బాలేదు.”

గదిలో మంచం అంచున కూర్చుని కొమ్మల కత్తెరకి నూనె రాస్తోంది ఆమె. నూనె గుడ్డ మడతపెట్టి, మధ్యనున్న స్ప్రింగు సందులో దూర్చి లాగింది. ఎండిన జిగురు నల్లగా ఊడి వచ్చింది.

“ఎలా అడగాలి?”

“ఏదో ఒక కారణం చెప్పి అడగాలి. ఊరికే కావాలంటే ఎవరిస్తారు?”

“జులైకి మీరేం కారణం చెప్పారు?”

“నన్నెవరూ అడగలేదుగా.”

“నేనూ అదే అంటున్నా.”

అతను తల గోక్కున్నాడు. మంచివాడే. అరిచే మనిషి కాదు. ఏ గొడవనైనా పక్కదారిలోంచి తప్పించుకుపోవచ్చని అతని నమ్మకం. కాసేపటికి దగ్గరగా వచ్చి గొంతు తగ్గించాడు.

“మీ అమ్మకి ఒంట్లో బాగోలేదని చెప్దాం. దగ్గర ఎవరూ లేరు, వెళ్ళాలి అని. ఎవరూ కాదనరు.”

“మా అమ్మ నిక్షేపంలా ఉంది. నిన్న ఫోన్లో గంటసేపు ఊపిరి తీసుకోకుండా మా నాన్నని తిట్టింది.”

“మాటవరసకే అంటున్నాలే.”

“మాటవరసకి అమ్మని మంచమెక్కించనా?”

“సరే, నిజంగా చెప్పు. ఏం చేద్దామని?”

ఆమె కత్తెర తెరిచి, మూసి, చప్పుడు విన్నది. చెప్పడానికి ఏమీ లేక కాదు. పొద్దున్నే ముందు వరండాలో కూర్చుని టీ వేడిగా ఉండగానే తాగాలని ఉంది. ఎండ ఎదురుగోడ మీదినుంచి మెట్ల మీదికి ఎలా దిగుతుందో మొదటినుంచీ చివరిదాకా చూడాలని ఉంది. ఒక పూట ఊరికే వీధి చివరిదాకా నడిచి, ఏమీ కొనకుండా తిరిగి రావాలని ఉంది. చేతుల మీద గీతలు మానిపోతే చర్మం ఎలా ఉంటుందో చూసుకోవాలని ఉంది. కానీ చెప్తే అది కారణం అవుతుంది. కారణం అనేసరికి దాన్ని తూస్తారు. ఒక పక్కన గులాబీ మళ్ళు, ఇంకో పక్కన ఒక గ్లాసు టీ. ఏది బరువో అందరికీ తెలిసిందే.

“ఏం చేద్దామనీ కాదు,” అంది. “ఖాళీ నెల కదా. ఖాళీగా ఉంటాను.”

అతను నిట్టూర్చి అటు తిరిగి పడుకున్నాడు.

*

మర్నాడు ఇల్లంతా ఆమెతో మెత్తగా మాట్లాడింది. మొదట అర్థం కాలేదు. కుండీలు కడుగుతుంటే తోటికోడలు వచ్చి చేతిలోంచి బ్రష్షు లాక్కుంది. “లే చెల్లీ, నేను కడుగుతాలే. కొట్టులో ఎవరూ లేరు.” ఈ ఇంటికొచ్చినప్పటినుంచీ ఆమె నోట చెల్లీ అన్న మాట వినలేదు చిన్నకోడలు. కాసేపయ్యాక ఆమే ఒక రబ్బరు సంచి తెచ్చి ఒళ్ళో పెట్టింది. వేడినీళ్ళు పోసి కాపడం పెట్టుకునేది.

“తీసుకెళ్ళు. మీ అమ్మకి పనికొస్తుంది.”

“మా అమ్మకా?”

“లోపల దాచుకుంటే ఎలా? ఇలాంటివి చెప్పుకోవాలి,” అంది తోటికోడలు. ఆమె కళ్ళల్లో నిజంగానే జాలి ఉంది. అది చూసి చిన్నకోడలు సంచి తిరిగి ఇవ్వలేకపోయింది.

షెడ్డు ముందు బావగారు ఎదురయ్యాడు. “ముందే చెప్పొచ్చుగా అమ్మా. మేమేమైనా పరాయివాళ్ళమా? అమ్మ కంటే కత్తిరింపు ఎక్కువా? జనవరి తీసుకో. మళ్ళ సంగతి నేను చూసుకుంటాను.” చేతులు ముందుకు చాపి చూపించాడు. “ఈ చేతులింకా మర్చిపోలేదులే.”

ఆమె తలూపింది. ఊపానని తర్వాతగానీ తెలియలేదు.

భర్త ఎరువు కుప్ప వెనక దొరికాడు. పారతో ఒకే చోట తవ్వుతున్నాడు. అక్కడ తవ్వాల్సిందేమీ లేదు.

“పని అయిందా లేదా?” అన్నాడు ఆమె వైపు చూడకుండా.

“మీరెందుకు చెప్పారు?”

“నెల వచ్చింది. నెల కావాలన్నావు, వచ్చింది. ఇప్పుడు నువ్వు నోరు మూసుకుని తీసుకోవడమే మిగిలింది.” అన్నాక మాట కటువుగా వచ్చిందని అతనికే అనిపించినట్టుంది. పార మీద గడ్డం ఆనించాడు. “నీకోసమే చేశాను.”

అది అబద్ధం కాదని ఆమెకి తెలుసు. వెనక్కి వచ్చి షెడ్డులో నిలబడింది. జనవరి మేకుకి నాలుగు రంగులున్నాయి. ఎరుపు లేదు. మిగతా మేకులన్నిటికీ ఎవరో ఎర్రదారం కట్టేశారు కూడా. తను అడిగింది తన కళ్ళెదురుగా ఉంది. అయినా అది తనకిచ్చింది కాదు. ఈ నెల అమ్మ జబ్బుకి ఇచ్చింది. జబ్బు లేదు కాబట్టి ఎవరికీ ఇవ్వనట్టే. పైగా వచ్చే ఏడు మళ్ళీ అడగాలంటే మళ్ళీ ఎవరో మంచమెక్కాలి. అమ్మ వంతు అయిపోయింది, నాన్న మిగిలాడు. ఆ తర్వాత?

పొద్దు వాలేదాకా ఆమె ఏమీ అనలేదు. అలా ఊరుకోవడంలో సుఖం ఉంది, అది కూడా తెలిసింది. తోటికోడలు కడిగిన కుండీలు బోర్లించి, నడుం పట్టుకుని, “మీ అమ్మకి తగ్గాక ఒకసారి ఇటు తీసుకురా,” అంది.

రాత్రి భోజనాలకి అందరూ కూర్చున్నారు. అత్తగారు వడ్డిస్తూ అడిగింది. “ఇంతకీ ఏమిటి జబ్బు?”

“అదీ, మోకాళ్ళు,” అన్నాడు చిన్నకొడుకు, నీళ్ళు నములుతూ.

“మోకాళ్ళకి నెలా?” అంది అత్తగారు. గరిటె గాల్లో ఆగింది. “మోకాళ్ళు నాకూ ఉన్నాయి. నన్నెవరూ నెల ఖాళీగా ఉండమన్నట్టు గుర్తులేదే.”

“మోకాళ్ళంటే మోకాళ్ళే కాదమ్మా, నడుం కూడా…”

“మా అమ్మకి ఏ జబ్బూ లేదు,” అంది చిన్నకోడలు.

భర్త ముఖం మాడిపోయింది. అయినా అతనే ముందు మాట్లాడాడు. “నేనే చెప్పాను అన్నయ్యా. తను వద్దంది.”

బావగారు తమ్ముణ్ణి కాదు, ఆమెని చూశాడు. “అయితే ఇప్పుడెందుకు బయటపెట్టావమ్మా? నెల ఇచ్చేశాంగా.”

“నాకివ్వలేదు కదండీ. మా అమ్మకిచ్చారు.”

“నీకు కారణం లేదు.”

“లేదు.”

“చెప్పనంటావు.”

“మిమ్మల్ని మే ఎందుకని అడిగితే మీరు చెప్పండి. విని నేర్చుకుంటాను.”

ఆమె ఎప్పుడూ ఆయనతో అలా మాట్లాడలేదు. తోటికోడలి వేళ్ళు కంచంలోనే ఉన్నాయి. రబ్బరు సంచి ఇచ్చినందుకు ఆమె ముఖంలో మంట కనిపిస్తోంది. బావగారు అన్నం సగంలో వదిలి లేచాడు. చెయ్యి కడుక్కోలేదు. ఎడమచేత్తో లైటు వేసి షెడ్డులోకి పోయాడు. లోపలినుంచి స్టూలు జరిపిన చప్పుడు. వచ్చి, కంచం ముందు నిలబడే చెప్పాడు.

“కట్టేశాను. జనవరి నీకు లేదు. ఫిబ్రవరి కావాలంటే ఇప్పుడే చెప్పు, లేకపోతే అది కూడా పోతుంది.”

చిన్నకోడలు కంచంలో మిగిలింది తినేసింది. ఒక్క మెతుకు వదల్లేదు. చెయ్యి కడుక్కుని, కంచం కడిగి బోర్లించి, తడి చేతులు తుడుచుకుంటూ షెడ్డులోకి నడిచింది. జనవరి మేకుకి ఎర్రదారం నాలుగు చుట్లు తిరిగి ఉంది. విప్పుదామని గోరు పెట్టింది. లొంగలేదు. పళ్ళు పెట్టబోయి ఆగింది. గోడకి వేలాడుతున్న కత్తెర, నిన్న తను నూనె రాసిందే, అందుకుని ఒక్క నొక్కు నొక్కింది. దారం రెండు ముక్కలై కింద పడింది.

గుమ్మంలో నిలబడి చూస్తున్న తోటికోడలు ముక్కున వేలేసుకుంది. “దారం కోసేసింది అత్తయ్యా,” అంది లోపలికి తిరిగి, మనిషికి గాయమైందని చెప్పినంత మెల్లగా.

*

మరుసటి రోజు ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. పని మాత్రం ఆగలేదు. డిసెంబరు దారం ఇంకా ఆమెదే కదా. అత్తాకోడళ్ళిద్దరూ షెడ్డు వెనక గోనె పరుచుకుని మట్టి కలుపుతున్నారు. ఎర్రమట్టి, ఇసక, మాగిన ఎరువు. అత్తగారు జల్లెడ పడుతుంటే, చిన్నకోడలు గడ్డలు చిదుపుతోంది.

“దారం కోశావట.”

“కోశాను.”

“ముడి విప్పలేకపోయావా?”

“విప్పితే మళ్ళీ కట్టేవారు.”

అత్తగారు జల్లెడలో మిగిలిన రాళ్ళు పక్కన పోసింది. “రేపు కత్తెర పట్టకపోతే వాడు నానా మాటలంటాడు. అది తెలుసా?”

“అననివ్వండి.”

“నేనూ అంటాను.”

“మీరూ అనండి అత్తయ్యా. కూర్చుని వింటాను.”

అత్తగారికి నవ్వొచ్చినట్టుంది. దాన్ని మింగేసి మళ్ళీ మట్టి ఎత్తింది. “కూర్చుని ఏం చేస్తావే?”

“ఏం చెయ్యను.”

“తోచదు.”

“తోచకపోతే తోచకుండా ఉంటాను. ఇన్నేళ్ళుగా ఒక్కరోజైనా తోచకుండా ఉన్నానా? ఎలా ఉంటుందో చూడొద్దూ?”

“నేను చూళ్ళేదు. ఒక్క ఏడూ తీసుకోలేదు. చచ్చిపోయానా?”

ఈ మాట వస్తుందని ఆమెకి తెలుసు. చేతిలోని గడ్డ గట్టిగా ఉంది. రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కితే పొడిపొడిగా రాలింది.

“మీరెందుకు తీసుకోలేదు?” అంది.

“నేను లేకపోతే సంచులు…”

“సంచుల సంగతి కాదండీ.”

జల్లెడ ఆగింది. అత్తగారు మోచేతితో నుదురు తుడుచుకుంది. అక్కడ మట్టి చార పడింది. అత్తగారు ఆమె వైపు చూడలేదు. కుండీల వరస వైపు చూస్తూ మాట్లాడింది.

“ఒక ఏడు అనుకున్నాను. అడిగాను కూడా. ఎందుకన్నారు. ఆలోచించాను, ఆలోచించాను, చెప్పడానికి ఒక్క కారణం దొరకలేదు. పిల్లలు బాగానే ఉన్నారు, మా వాళ్ళు బాగానే ఉన్నారు, నాకూ జ్వరం లేదు. నాకే సిగ్గేసింది. నా దారం నేనే కట్టేసుకున్నాను.”

“ఏ నెల?”

“ఏ నెలైతే ఏంటి ఇప్పుడు?” అత్తగారు జల్లెడ మళ్ళీ ఊపింది, ఈసారి గట్టిగా. మట్టి ఇద్దరి ఒళ్ళోనూ పడింది. “నువ్వు మాట్లాడకుండా మట్టి చిదుపు. గడ్డలు మిగిలితే వేళ్ళు పట్టవు.”

మట్టి కుప్ప అయింది. లేచేటప్పుడు అత్తగారు చెయ్యి చాపింది. చిన్నకోడలు పట్టుకుని లేపింది. లేచాక ఆమె వెంటనే చెయ్యి విడిపించుకుంది.

*

జనవరి మొదటి రోజు పొద్దున్న చిన్నకోడలు టీ పెట్టుకుని ముందు వరండాలోకి వచ్చింది. పై మెట్టు మీద కూర్చుంది. ఎండ ఇంకా ఎదురుగోడ పైనే ఉంది. టీ నాలిక కాలేంత వేడిగా ఉంది. ఊదుకుని తాగింది.

తేలికగా ఏం లేదు. చేతులు వాటంతట అవే పని వెతుక్కుంటున్నాయి. మెట్టు పగులులో మొలిచిన గడ్డిపరక పీకింది. రెండోది పీకబోయి, తనేం చేస్తోందో తెలిసి ఎడమచెయ్యి తొడకింద పెట్టుకుంది. వెనకనుంచి కుండీలు జరుపుతున్న చప్పుడు వస్తుంటే, ఏ కుండీ ఎక్కడికి పోతోందో చెవులు పోల్చుకుంటున్నాయి.

“మహారాణిగారికి ఇంకో గ్లాసు టీ పెట్టమంటారా?” అంది తోటికోడలు కొట్టు తాళాలు తీసుకుని దిగిపోతూ.

“పెడితే తాగుతాను అక్కా.”

తోటికోడలు రెండు మెట్లు దిగి, వెనక్కి తిరిగి ఏదో అనబోయి, తాళాలు ఆడించుకుంటూ వెళ్ళిపోయింది.

బావగారు వచ్చాడు. తోలు గ్లవ్సులు, కొమ్మల కత్తెర తెచ్చి వరండా పిట్టగోడ మీద, సరిగ్గా ఆమె చెయ్యి అందేచోట పెట్టాడు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. ఆయన వెనకే భర్త వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. లోపలికి పోలేడు, బయటికి రాలేడు.

“చివుర్లు మొదలయ్యాయి,” అన్నాడు బావగారు కాసేపటికి. “ఈ వారం దాటితే కత్తిరించినా ఒకటే, లేకపోయినా ఒకటే. పూలు పోతాయి. పోతే ఇంట్లో అందరికీ పోతాయి. నీకూ పోతాయి.”

ఆయన చెప్పింది నిజమే. ఆమెకి ఆ మళ్ళు ఒక్కొక్కటీ కళ్ళ ముందుకొచ్చాయి. మొదటి మడిలో ముదురు ఎరుపు, గట్టు పక్కన పసుపు. కంటికి కనబడే చివురు పైన, ఏటవాలుగా, ఒక్క కోత. చేతి కండరం అప్పుడే బిగిసింది. గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది.

“పోతాయి బావగారూ,” అంది.

“పోయినా లేవవు.”

“లేవను.”

“ఎందుకో చెప్పు, ఇప్పుడైనా. ఒక్క మాట చెప్పు, నేనే పోయి కోస్తాను. నాకు కావలసింది ఒక్క మాటే.” ఆయన గొంతులో కోపం కంటే అలసట ఎక్కువ వినిపించింది. నిజంగానే అర్థం కావడం లేదు ఆయనకి.

“ఆ ఒక్క మాటే లేదండీ.”

భర్త గుమ్మంలోంచి కదిలాడు. పిట్టగోడ దగ్గరికి వచ్చి గ్లవ్సు ఒకటి తీసుకున్నాడు. అన్నయ్య వైపు చూసి, దాన్ని చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు, తొడుక్కోవాలో పెట్టెయ్యాలో తేలక.

అప్పుడు లోపలి గదిలో బీరువా తలుపు చప్పుడైంది. కాసేపటికి అత్తగారు బయటికి వచ్చింది. పనిబట్టల్లో లేదు. పెళ్ళిళ్ళకి కట్టుకునేవీ కావు, దగ్గరివాళ్ళ ఇంటికి వెళ్ళేటప్పుడు కట్టుకునే ఉతికిన బట్టలు. తల నున్నగా దువ్వుకుంది. గోళ్ళలో మట్టి లేదు. చేతిలో చిన్న సంచి ఉంది, అందులో ఏముందో పైకి కనిపించడం లేదు, పెద్ద బరువు కూడా లేదు. గోడవారగా ఉన్న చెప్పుల్లోంచి తనవి వెతుక్కుని, గోడ పట్టుకుని ఒక్కో కాలూ తొడుక్కుంది.

“ఎక్కడికమ్మా?” అన్నాడు బావగారు.

ఆమె రెండో చెప్పు పట్టీ సర్దుకుంది.

“అమ్మా, నిన్నే. ఎవరికైనా బాగోలేదా?”

సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

“డాక్టరు దగ్గరికా? చెప్తే తమ్ముడొస్తాడుగా.” ఆయన కుర్చీలోంచి సగం లేచాడు. “ఎప్పుడొస్తావు? అది కూడా చెప్పవా? ఫిబ్రవరి సంచిలో విత్తనాలు ఇంకా ఎంచలేదు, ఎవరు ఎంచాలి? అమ్మా.”

చిన్నకొడుకు గ్లవ్సు పట్టుకునే ఒక అడుగు ముందుకేశాడు. అత్తగారు అతని భుజం చెయ్యితో మెల్లగా పక్కకి జరిపింది, దారిలో అడ్డంగా ఉన్న కొమ్మని జరిపినట్టు.

చిన్నకోడలు మెట్టు మీద కాళ్ళు దగ్గరికి లాక్కుంది. ఎండ అప్పటికి మూడో మెట్టు దాకా దిగింది. అత్తగారు ఆమె పక్కనుంచి, కోడలి భుజాన్ని ఊతగా పట్టుకుని ఒక మెట్టు దిగింది. చెయ్యి తీసేసి మిగతావి తనంతట తనే దిగింది. గేటు గడియ తీసి, వెనక్కి తిరిగి చూడకుండా వేసి, వీధిలో ఎడమవైపుకి తిరిగి నడుచుకుంటూ వెళ్ళిపోయింది.